గింజలు నాటిన అవధూత – జాన్ చాప్మన్

మన పెద్దలు సప్తసంతానములని ఏడింటిని పేర్కొనిరి. తటాకము, దేవాలయము, అగ్రహారము, నిధి, కృతి, వనము, పుత్రుడు అనునవి యవి. కన్నకొడుకు ఒక్కడే మనుష్యుని పేరు నిలుపువాడు కాడనియు, చెరువు త్రవ్వించినవాడును, తోట నాటించినవాడును సంతానవంతులే యనియు దీని భావము. ఈ ఏడింటిలో వనమొక్కటే తన సంతానముగా గలిగి, ఇల్లును ఇల్లాలును లేక, కాలికి చెప్పులైన లేక, అడవుల వెంబడి ఆపిలు గింజలు నాటుచు డెబ్బది యేండ్లు జీవించిన మహనీయుడొకడు అమెరికాలో వెలసెను. అతని పేరు జాన్ చాప్మన్. జనులు ప్రేమతో జానీ ఆపిలుసీడు, అనగా ఆపిలుగింజల జానీ యని పిలిచిరి. గ్రంథములను ఇంటింటికిని మోసికొనిపోయి యిచ్చినవాడు కూడ గావున అతని చరిత్రము గ్రంథాలయ సంచికలో చోటు పొందదగినది.

చాప్మన్ 1774 సెప్టెంబరు 26వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రమందలి లెమిన్‌స్టరు గ్రామమున జన్మించెను. తండ్రి నథానియేలు చాప్మన్ సేద్యగాడు; అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున సైనికుడుగా పనిచేసినవాడు. తల్లి ఎలిజబెత్తు 1776లో, భర్త సైన్యమున నుండగనే, క్షయవ్యాధితో మరణించెను. అప్పటికి జాన్‌కు రెండేండ్లయిన నిండలేదు. తండ్రి 1780లో మరల వివాహమాడగా ఆ యిల్లాలికి పదిమంది బిడ్డలు కలిగిరి. పెద్ద సంసారము, చిన్న కమతము. ఇట్టి యింటి పెద్దకొడుకు యౌవనము రాగానే పడమటి దిక్కునకు బయలుదేరుటలో వింతలేదు. 1790 తరువాతి యేండ్లలో అతడు సవతి తమ్ముని వెంటబెట్టుకొని పెన్సిల్వేనియా అడవులు చేరెను. 1800 ప్రాంతమున ఒహయో దేశమున ప్రవేశించెను.

ఆ కాలమున ఒహయో యంతయు మహారణ్యము. 1795లో జరిగిన గ్రీన్‌విల్ సంధివలన ఆ దేశపు ఆదివాసులు తమ భూమిలో పెద్దభాగమును వదలుకొనవలసి వచ్చెను. తూర్పునుండి వలస కుటుంబములు బండ్లమీదను పడవలమీదను రాజొచ్చెను. అచటి యొక భూస్వామ్య సంఘము వలస వచ్చిన కుటుంబమునకు నూరెకరముల భూమిని ఉచితముగా నిచ్చుటకు నియమము లేర్పరచెను. మూడేండ్లలో 50 ఆపిలు చెట్లును, 20 పీచు చెట్లును నాటవలెననునది వానిలో నొకటి. పండ్లతోట నాటినవాడు ఫలకాలము వరకు నిలిచియుండునని వారి యూహ. కావున ఆపిలు మొక్క ఆ ప్రాంతమున పండుకొరకే కాక పట్టాకొరకును కావలసినదయ్యెను. చాప్మన్ ఈ సంగతిని చక్కగ గ్రహించెను. జనులు వచ్చి స్థిరపడుటకు ముందే వారు రాబోవు దారిని ఊహించి, అచటికి తానేగి నారుమళ్ళు పెంచి సిద్ధముగా నుంచుట అతని పద్ధతి. అతనిని వట్టి పిచ్చివాడని తలచువారు ఈ ముందుచూపును గమనింపవలెను.

గింజలకై అతడు డబ్బు వెచ్చింపలేదు. పెన్సిల్వేనియాలో ఆపిలుపండ్లను గానుగలలో నలిపి రసము తీయుచుండిరి. మిగిలిన పిప్పిని గానుగల యజమానులు పారవైచెడివారు. చాప్మన్ ఆ పిప్పిని కడిగి గింజలేరి, ఆరబెట్టి, తోలుసంచులలో నింపుకొనెడివాడు. 1806లో రెండు దోనెలను జతగట్టి, వానినిండ గింజలు పోసికొని ఒహయో నదిపై సాగిపోయెనని చెప్పుదురు. నదీతీరమున సారవంతమైన నేల కనబడినచోట పొదలు నరికి, నేల గుల్లచేసి, గింజలు చల్లి, పశువులు చొరకుండ కంపవేసి, ముందునకు సాగెడివాడు. ఏటేట తిరిగివచ్చి కంప సరిచేసి, కలుపు తీసెడివాడు.

ఆపిలు గింజ మొలకెత్తుటకు చలి కావలెను. తడినేలలో రెండు మూడు నెలలు శీతలము సోకినగాని గింజలోని నిద్ర వదలదు. ఒహయోలోని మంచుకాలము ఆ పనిని తానే చేసెడిది. వసంతమున మొలక వచ్చెడిది. అట్లు పెరిగిన చెట్టు కాపునకు వచ్చుటకు సాధారణముగా ఆరు మొదలు పదేండ్లు పట్టును. నాటినవాడు తినునో తినడో తెలియని పంట యది.

మొక్క నొకదానిని ఆరు సెంట్ల చొప్పున అతడు అమ్మెడివాడు. డబ్బులేనివారు పాతబట్ట యిచ్చినను, మొక్కజొన్నపిండి యిచ్చినను పుచ్చుకొనెడివాడు. ఏమియు లేనివాని వద్ద ప్రోనోటు వ్రాయించుకొని, తిరిగి యడుగకయే ఊరకుండెడివాడట. అట్లని లెక్క తెలియనివాడు కాడు. 1814 మొదలుకొని 160 ఎకరముల ఖండములను కొన్నింటిని 99 ఏండ్ల కౌలునకు తీసికొనెను. మరికొన్ని భూములను కొనెను. కౌలుసొమ్ము కాలమునకు చెల్లింపక పోగొట్టుకొన్నవియు కలవు. ఇన్ని ఎకరములకు హక్కుదారుడై యుండియు రాత్రివేళ చెట్టుక్రిందనో, పరుల గుడిసెలో నేలమీదనో శయనించుట అతని విచిత్రము. భాగవతమందలి జడభరతుని కథ నెరిగినవారికి ఇట్టి పురుషుడు క్రొత్తవాడు కాడు.

చిరిగిన అంగీ, వట్టికాళ్ళు, వంట వండుకొను రేకుగిన్నెయే తలపై టోపీ: ఇది జనులు చెప్పుకొను అతని రూపము. మాంసము ముట్టలేదు. వలసజనులు ముసలివై కుంటివైన గుర్రములను అడవిలో విడిచిపోగా, వానిని పట్టితెచ్చి, మేత ఖర్చు తానిచ్చి రైతుల యిండ్లలో పోషింపజేసెడివాడని ప్రసిద్ధి. అతడు చేసిన పొరపాటు కూడ నొకటి చెప్పవలెను. చలిజ్వరమునకు మందని నమ్మి, డాగుఫెన్నెలు అను నొక మొక్క విత్తనములను తిరిగిన చోటెల్ల చల్లెనట. జ్వరము మానలేదు గాని, దుర్గంధముగల ఆ మొక్క రైతుల పొలములలో కలుపై వ్యాపించెను. మన పొలములలో వయ్యారిభామ పెట్టు బాధ నెరిగినవారికి ఆ రైతుల విసుగు తెలియును. సదుద్దేశ మొక్కటియే చాలదు. విత్తనమును తెలిసి చల్లవలెను.

చాప్మన్ స్వీడను దేశపు తత్త్వవేత్తయైన స్వీడెన్‌బర్గు (1688–1772) మతము నవలంబించెను. ఆ గ్రంథములను ఫిలడెల్ఫియానుండి తెప్పించుకొనెడివాడు. ప్రతులు కొలది, చదువగోరువారు పెక్కుమంది, ఇండ్లు దూరదూరము. అందుచే ఒక గ్రంథమును కొన్ని భాగములుగా విడదీసి, ఒక్కొక్క గుడిసెలో నొక్కొక్క భాగ మిచ్చి, మరుసటి రాకలో దానిని పుచ్చుకొని ఇంకొక భాగ మిచ్చెడివాడు. అరణ్యమధ్యమున, భవనము లేక, బీరువా లేక, కాలినడకను సాగిన సంచార గ్రంథాలయ మది. గ్రంథములకు సొమ్ము చాలక, తన భూమి తీసికొని బదులుగా పుస్తకము లీయుడని మతసంఘమువారికి అతడు వర్తమానము పంపెను. భూమి కొరకు సోదరులు న్యాయస్థానముల కెక్కుట లోకమున సాధారణము. పుస్తకము కొరకు భూమి నిత్తుననువారు అరుదు.

1812లో అమెరికాకును ఇంగ్లండునకును యుద్ధము సంభవించినపుడు అతని జీవితమున కఠినపరీక్ష వచ్చెను. ఆదివాసులు అతనిని ఆదరించెడివారు. వారి పల్లెలలో అతడు నిర్భయముగా తిరిగెడివాడు. వలసజనులు అతని మొక్కలతోనే స్థిరపడుచుండిరి. ఆ సంవత్సరమున సైనికులు మ్యాన్స్‌ఫీల్డు సమీపమందలి గ్రీన్‌టౌను అను డెలవేరు జాతివారి పల్లెను ఖాళీచేయించి తగులబెట్టిరి. పిమ్మట కొన్ని వలసకుటుంబములపై దాడులు జరిగెను. ఆ భయకాలమున చాప్మన్ మ్యాన్స్‌ఫీల్డునుండి మౌంటువెర్నను వరకు 25 మైళ్ళకు పైబడిన దూరము రాత్రివేళ పోయి, దారిలోని గుడిసెలవారిని మేల్కొలిపి, సహాయము తెచ్చెనని చెప్పుదురు. ప్రాణములు కాపాడుట పుణ్యమే. కాని అతడు పెంచిన మొక్కయే వలసవాని పట్టాకు సాక్ష్యమై, తన్ను ఆదరించినవారి భూమి వారికి కాకుండ పోవుటకు తోడ్పడినదనుటయు సత్యమే. అతడు ఎవ్వరికిని కీడు తలపెట్టలేదు. కాలము అతని చేతిపనిని తన కార్యమునకు వాడుకొన్నది.

అంటుకట్టుటను చాప్మన్ అంగీకరింపలేదు. కొమ్మను కోసి వేరొక మొక్కకు కట్టుట చెట్టును హింసించుటయే యని అతని నమ్మకము. ఇందువలన ఒక చిక్కు కలదు. బంగినపల్లి మామిడి టెంకను పాతినచో బంగినపల్లియే కాచునని నమ్మరాదని మన రైతు లెరుగుదురు. ఆపిలు గింజ మరింత చంచలము. ఆపిలు పూవు తన పుప్పొడితో సాధారణముగా ఫలింపదు. వేరొక జాతి చెట్టు పుప్పొడి కావలెను. అందుచే ఒకే పండులోని గింజలు కూడ భిన్నస్వభావములు కలవై యుండును. పెక్కుచెట్లు చిన్నవై, పుల్లనై, వగరై, అడవి ఆపిలును తలపించు కాయలు కాచును. చాప్మన్ తోటల పండ్లును ఎక్కువగా అట్టివే. ఆ కాయలనుండి వలసజనులు రసము తీసి పులియబెట్టి త్రాగిరి. మిగిలినది పశువులకు వేసిరి. శీతకాలమున ఊరగాయలు నిలువచేయుటకు కావలసిన పులిసిన కాడియు దానినుండియే లభించెను. తియ్యని పండు కావలెనన్న అంటు తప్పదని తోటమాలులు అతనిని ఆక్షేపించిరి. వారి మాట సత్యము. కాని క్రొత్తజాతి పుట్టవలెనన్న గింజ తప్పదనుటయు సత్యమే. అంటు ఉన్నదానిని నిలుపును; గింజ లేనిదానిని పుట్టించును.

దీనికి నిదర్శనము మన సంతలోనే కలదు. రెడ్ డెలిషస్ అను ఎఱ్ఱని ఆపిలు అయోవా రాష్ట్రమున ఎవ్వరును నాటకయే మొలచిన చెట్టునుండి వచ్చినది. అది చాప్మన్ చల్లిన గింజ కాదు. దానినే అమెరికానుండి వచ్చి సత్యానందుడను పేరు దాల్చిన స్టోక్సు 20వ శతాబ్దపు తొలిభాగమున హిమాచలమందలి కోట్‌గఢ్‌లో నాటించెను. అదే హిమాచలమున, బిలాస్‌పూరు జిల్లా పనియాలా గ్రామవాసి హరిమన్ శర్మ, పెరటిలో పడిన గింజలనుండి మొలచిన యొక మొక్కను 1999లో గుర్తించి పెంచి, అంటులు కట్టి, వేడినేలలందును కాచు హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 అను రకమును లోకమున కందించెను. 2025లో ఆయనకు పద్మశ్రీ ప్రకటింపబడెను. మన ఉప్పలు రోడ్డుననే యున్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో ఆసిఫాబాదు జిల్లా ధనోరా గ్రామమున నొక రైతు ఆపిలు పండించి 2020లో ఫలములు పొందెను. ఉప్పలు, నాచారముల శీతకాలము ఆపిలు గింజను మేల్కొలుపుటకు చాలదు. అయినను కుతూహలముగల బాలురు గింజలను తడియిసుకలో నుంచి, రెండు మూడు నెలలు ఫ్రిజ్జులో పెట్టి, పిమ్మట కుండీలో నాటి మొలక చూడవచ్చును. పండు వచ్చుననుట మాత్రము వేరుమాట.

చాప్మన్ 1845 మార్చినెలలో ఇండియానా రాష్ట్రమున ఫోర్టువేన్ సమీపమందు, ఒక స్నేహితుని గుడిసెలో, ఊపిరితిత్తుల జ్వరముతో మరణించెను. దూరముననున్న నారుమడిలో పశువులు పడినవని విని, చలిలో నడచిపోయి కంప సరిచేయుటచే జబ్బు కలిగెనని చెప్పుదురు. వేయి ఎకరములకు పైబడిన ఆస్తిని అతడు విడిచిపోయెనందురు. పన్నులును వ్యాజ్యములును అందు చాల భాగమును హరించెను. ఆస్తి లెక్కలు తేలుటకు పదేండ్లకు పైగా పట్టెను. 1871లో హార్పర్స్ పత్రికలో వెలువడిన వ్యాసమువలన అతని కీర్తి దేశమంతట వ్యాపించెను. 1966లో అమెరికా ప్రభుత్వము అతని పేర తపాలాబిళ్ళను వెలువరించెను.

దస్తావేజులలో వ్రాయబడిన ఎకరములు అతనికి నిలువలేదు. లెక్కకెక్కని వస్తువులు, అనగా తెలియనివాని పెరటిలో పెరిగిన చెట్టును, గుడిసెలో దీపపువెలుగున ఒకడు చదివిన నాలుగు పుటలును, నిలిచినవి. గ్రంథాలయము స్థాపించుటయు అట్టి పనియే. ఏ పుస్తకము ఏ బాలుని చేతబడి ఏ ఫలము నిచ్చునో నాటినవా రెరుగరు. కొన్ని పులియును, కొన్ని తియ్యనగును. నాటుటయు, కంపవేయుటయు, ఏటేట వచ్చి కలుపు తీయుటయు మాత్రము మన వంతు.