ఔషధ శాస్త్రర్షి

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించి ఆంగ్లేయాచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనలో పరిశోధనా దీక్షగా పరిణమించింది.

మామగారి ధనసహాయంతో అమెరికా చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లను వెలికితీశారు. అయినా అక్కడ శాశ్వతోద్యోగం లభించలేదు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధక బృందాలకు సారథ్యం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది దివ్యౌషధమయింది. సోదరులకు అందని మందు లోకానికందింది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, క్యాన్సరు చికిత్సకు నేటికీ వాడే మెథోట్రెక్సేట్, తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాల నుండే వెలువడ్డాయి.

మాతృభూమిని మరల చూడకుండానే 1948 ఆగస్టులో ఆయన న్యూయార్కులో కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన తపాలా బిళ్ళను విడుదల చేసింది. కీర్తిని కోరని ఆ కృషీవలుని పేరెరుగని రోగులు సైతం ఆయన ఫలితాన్ని అనుభవిస్తూనే ఉన్నారు.