పడవకు దారి వేసిన కాటన్ దొర

ఒక మనిషి, ఒక చిన్న పడవ. కాకినాడలో తెడ్డు వేయడం మొదలుపెడితే, సముద్రంలోకి దిగకుండానే మద్రాసు చేరవచ్చు. అది దాటి పాండిచ్చేరి దగ్గరి మరక్కాణం దాకా కూడా పోవచ్చు. ఇది కథ కాదు, ఒకప్పుడు సరుకుల పడవలు తిరిగిన దారి. కాకినాడ కాలువలో ధవళేశ్వరం, గోదావరి దాటి ఏలూరు కాలువలో బెజవాడ, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలో పెదగంజాం. అక్కడినుంచి బకింగ్‌హామ్ కాలువ, మధ్యలో పులికాట్ సరస్సు. మొత్తం దాదాపు 800 కిలోమీటర్లు. ఈ దారిలో పైసగం వెనక ఉన్న మనిషి సర్ ఆర్థర్ కాటన్. ఆయనను ఆనకట్టల దొరగానే గుర్తుపెట్టుకున్నాం. పడవల దొర అని కూడా అనాలని నాకనిపిస్తుంది.

మా ఇంట్లో అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు తమిళం. అమ్మమ్మకు కాటన్ గోదావరి దొర. నాన్న వైపు పెద్దవాళ్లకు కొల్లిడం ఆనకట్ట కట్టిన ఇంజనీరు. రెండు భాషల వాళ్లూ మావాడే అనుకునే తెల్లదొరలు ఎక్కువమంది లేరు.

ఆయన 1803 మే 15న పుట్టాడు. 1821లో మద్రాసుకు వచ్చేటప్పటికి పద్దెనిమిదేళ్లు, అంటే మన ఫస్టియర్ వాళ్ల వయసు. కంపెనీ సైన్యంలో ఇంజనీరు. మొదట్లో చేసిన పనుల్లో ఒకటి పాంబన్ దగ్గర సముద్రపు పాయను సర్వే చేయడం, అంటే ఓడలకు దారి వెతకడం. ఆ తర్వాత కావేరి పని. మన హొగెనకల్ దూకి కిందికి పోయే నీళ్లే తిరుచ్చి దగ్గర రెండుగా చీలతాయి. పల్లంగా ఉన్న కొల్లిడం పాయ నీళ్లన్నీ లాగేసుకుంటుంటే తంజావూరు పొలాలు ఎండిపోతున్నాయి. 1836లో కాటన్ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టించాడు. ఇసుక మీద రాతికట్ట ఎలా నిలుస్తుందో ఆయన నేర్చుకున్నది ఇంగ్లండులో కాదు, మన పాత కల్లణై చూసి. కరికాల చోళుడి పేరుతో చెప్పుకునే ఆ కట్టే ఆయనకు గురువు.

తర్వాత జబ్బు చేసి సెలవు మీద వెళ్లాడు. 1841లో టాస్మేనియాలో పెళ్లి చేసుకున్నాడు. తిరిగొచ్చాక గోదావరి. అక్కడ 1832-33లో పెద్ద కరువు, 1839లో ఉప్పెన. నది నిండా నీళ్లుండగానే జనం ఆకలితో చచ్చిపోయారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. వీణెం వీరన్న ఆయనకు కుడిభుజంగా పనిచేశాడు. రాళ్లూ మట్టీ మోసిన వేలమంది కూలీల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు.

కాటన్ కాలువను పొలానికి నీళ్లిచ్చే బోదెగా మాత్రమే చూడలేదు. అదే కాలువలో పడవ కూడా నడవాలన్నాడు. అందుకే లాకులు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు, నీళ్లు నింపుతారు లేదా వదులుతారు, పడవ ఎక్కాల్సిన మట్టానికి ఎక్కుతుంది, దిగాల్సిన మట్టానికి దిగుతుంది. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగితే బస్తాల పడవ కదిలిపోతుంది. రైలు కంటే ఖర్చు తక్కువ, పైగా పోతూపోతూ పంట పండిస్తుంది. దేశమంతా నదుల్ని పడవ కాలువలతో కలపాలని ఆయన చివరిదాకా వాదించాడు.

వినలేదు. ప్రభుత్వం రైళ్ల వైపు మొగ్గింది. ఆయన గట్టిగా సమర్థించిన కర్నూలు-కడప కాలువకు అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ ఖర్చయి నష్టం వచ్చింది. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. ఆయన లెక్కలన్నీ సరైనవని నేను అనను. కానీ 1876-78లో కరువు వచ్చింది. తెలుగులో ధాత కరువు, తమిళంలో తాదు వరుష పంజం, రెండూ ఆ సంవత్సరం పేరే. అప్పటి సేలం జిల్లాలో భాగమైన మన ధర్మపురి ప్రాంతమూ దెబ్బతింది. రైలు బస్తాలు మోసుకురాగలదు, గింజ పండించలేదు. 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు డెబ్బై అయిదేళ్ల కాటన్ తన వాదం వినిపించాడు. అక్కడ ఆయన వైపు మొగ్గినవాళ్లు తక్కువే.

తమాషా ఏమిటంటే అదే కరువులో, కూలీలకు పని చూపించడానికి, మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల్ని కలుపుతూ కాలువ తవ్వించారు. 1806లో ఎన్నూరు వైపు మొదలైన పాత కాలువ అలా దక్షిణానికి సాగింది. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ పేరు పెట్టారు. కాటన్ తవ్వించింది కాకపోయినా, ఆయన కోరుకున్న దారి అదే.

1899 జులైలో, తొంభై ఆరేళ్లప్పుడు ఆయన పోయాడు. గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి. స్నాన సంకల్పంలో ఆయన పేరు చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. డెల్టాకు అన్నం పెట్టాడు కాబట్టి అది సబబే. మనలాంటి మెట్ట జిల్లాకు మాత్రం కావేరి పక్కనే పారుతున్నా, ఫ్లోరైడ్ లేని హొగెనకల్ మంచినీళ్ల పథకం 2013లో గానీ మొదలవలేదు. నీళ్లు ఎవరి దాకా చేరాలి, దేనికి డబ్బు పెట్టాలి అన్న ఆయన ప్రశ్న ఇంకా పాతబడలేదు.

2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువల్ని జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. పడవలు మాత్రం రాలేదు. ఈసారి చెన్నైలో వేళచ్చేరి రైలెక్కితే కిటికీలోంచి కిందికి చూడండి. స్తంభాల మధ్య నల్లగా కనిపించే ఆ నీళ్లు ఒకప్పుడు గోదావరి దాకా పోయే దారి.