ఔషధ తపస్విని గెర్ట్రూడ్ ఎలియన్

శిబి చక్రవర్తి కథ మనకు చిరపరిచితం. పావురాన్ని కాపాడడానికి తన తొడ కోసి ఇచ్చిన ఆ దాతను, లోకహితం కోసం తన ఎముకలనే అర్పించిన దధీచిని మన పురాణాలు వేనోళ్ల కొనియాడాయి. దాత గొప్పతనమే ఆ కథలకు ప్రాణం. అయితే ఒకరి శరీరభాగం మరొకరి శరీరంలో నిలిచి జీవించాలంటే దాత త్యాగం ఒక్కటే చాలదు. పుచ్చుకొనే శరీరం దానిని తనదిగా అంగీకరించాలి. కన్నతల్లి ఇచ్చిన మూత్రపిండాన్ని సైతం బిడ్డ శరీరం పరాయిదిగా భావించి నాశనం చేయడానికి పూనుకొంటుంది. ఈ ప్రకృతి ధర్మాన్ని ఔషధంతో శాంతింపజేసి, అవయవమార్పిడికి బాట వేసినవారిలో అగ్రగణ్యురాలు గెర్ట్రూడ్ ఎలియన్.

ఎలియన్ 1918 జనవరి 23వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించింది. తండ్రి లిథువేనియా నుండి వలస వచ్చిన దంతవైద్యుడు. 1929లో షేర్ల ధరలు కుప్పకూలినప్పుడు ఆ కుటుంబం ఆస్తినంతా కోల్పోయింది. ఎలియన్‌కు పదిహేనేళ్ల వయస్సులో, ఆమెను ఎంతగానో ప్రేమించిన తాతగారు క్యాన్సర్‌తో మరణించారు. ఆయన బాధను కళ్లారా చూసిన ఆ బాలిక ఇటువంటి వ్యాధులకు మందు కనుగొనాలని సంకల్పించుకొన్నది. బీద విద్యార్థినులకు ఫీజు లేకుండా చదువు చెప్పే హంటర్ కళాశాల ఆమెను ఆదుకొన్నది. 1937లో పందొమ్మిదేళ్ల ప్రాయంలో రసాయనశాస్త్రంలో ఉన్నత శ్రేణిలో పట్టభద్రురాలైంది.

అసలైన పరీక్ష ఆ తరువాతనే ఎదురైంది. ఉపకారవేతనం కోరుతూ పదిహేను విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసినా ఒక్కచోటా ఆదరణ లభించలేదు. ప్రయోగశాలలలో ఆడవారికి ఉద్యోగం ఇచ్చే ఆచారం నాడు లేదు. ఆమె ఉంటే తోటి పురుషుల ఏకాగ్రత చెదరుతుందని ఒకచోట తిప్పి పంపారు. ఎలియన్ నిరాశతో ఇంట కూర్చోలేదు. నర్సులకు పాఠాలు చెప్పింది. పని నేర్చుకొనే అవకాశం కోసం ఒక ప్రయోగశాలలో జీతం లేకుండా శ్రమించింది. కూడబెట్టిన సొమ్ముతో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చేరి, పగలు పాఠశాలలో బోధిస్తూ, రాత్రులు పరిశోధన చేస్తూ 1941లో ఎం.ఎస్సీ. పూర్తిచేసింది. ఆ సంవత్సరమే ఆమె పెళ్లాడదలచిన యువకుడు గుండెకు సోకిన సూక్ష్మజీవుల వ్యాధితో కన్నుమూశాడు. కొద్ది సంవత్సరాలకే విరివిగా లభించిన పెన్సిలిన్ ఆనాడే దొరికి ఉంటే అతడు బ్రతికేవాడు. ఆమె ఆజన్మాంతం అవివాహితగానే ఉండిపోయింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పురుషులు యుద్ధభూమికి తరలిపోగా, ప్రయోగశాలల తలుపులు స్త్రీలకు తెరుచుకొన్నాయి. కొంతకాలం ఒక ఆహార సంస్థలో ఊరగాయల పులుపును పరీక్షించే పని చేసిన తరువాత, 1944లో ఆమె బరోస్ వెల్‌కమ్ అనే ఔషధ సంస్థలో జార్జ్ హిచింగ్స్‌కు సహాయకురాలిగా చేరింది. హిచింగ్స్ హార్వర్డ్‌లో పరిశోధక విద్యార్థిగా పనిచేసిన ప్రయోగశాలలోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా పరిశోధనలు సాగించారు. ఆ సుబ్బారావు నేతృత్వంలో తయారైన అమినోప్టెరిన్, రక్తపు క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు తొలిసారిగా తాత్కాలిక ఉపశమనం కలిగించింది. అదే వ్యాధిపై ఎలియన్ మరొక మార్గంలో పోరు సాగించింది.

ఉద్యోగం చేస్తూనే డాక్టరేటు కోసం ఆమె రాత్రి కళాశాలలో చేరింది. కొంతకాలానికి ఉద్యోగం వదిలితేగాని చదువు కొనసాగదని అధికారులు షరతు విధించారు. ఆమె డాక్టరేటును వదులుకొన్నది, పరిశోధనను వదలలేదు.

ఆమె పరిశోధనా మార్గాన్ని రైతుబిడ్డలకు తెలిసిన ఉదాహరణతో వివరించవచ్చు. నకిలీ విత్తనం చూపులకు మంచి విత్తనంలాగే ఉంటుంది. పొలంలో చల్లితే మొలకెత్తదు. శరీరకణం విభజన చెందాలంటే ప్యూరిన్లు అనే పదార్థాలు కావాలి. ఎలియన్ ప్యూరిన్‌ను పోలిన నకిలీ పదార్థాలను తయారుచేసింది. ఆక్సిజన్ ఉండవలసిన చోట గంధకాన్ని చేర్చి ఆమె రూపొందించిన 6-మెర్‌క్యాప్టోప్యూరిన్‌ను క్యాన్సర్ కణాలు అసలైనదని భ్రమించి స్వీకరించాయి. వాటి విభజన ఆగిపోయింది. రక్తపు క్యాన్సర్ సోకిన పిల్లలలో అనేకులు కొద్ది నెలలకే మరణిస్తున్న ఆ కాలంలో, 1953లో ఈ మందుకు అమెరికాలో అనుమతి లభించింది. మొదట అది కొంతకాలపు ఉపశమనాన్ని మాత్రమే ఇచ్చింది. క్రమంగా ఇతర మందులతో కలిపి వాడగా, నేడు సంపన్న దేశాలలో ఈ వ్యాధి సోకిన పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు.

పరాయి అవయవంపై దాడిచేసేవి కూడా వేగంగా విభజన చెందే తెల్ల రక్తకణాలే. ఎలియన్ మందు వాటినీ అదుపు చేయగలదని 1958లో రాబర్ట్ ష్వార్ట్జ్ కుందేళ్లపై ప్రయోగాలలో గ్రహించాడు. ఆంగ్ల వైద్యుడు రాయ్ కాన్ ఆ మందును మూత్రపిండాలు మార్చిన కుక్కలపై ప్రయోగించాడు. తరువాత ఎలియన్, హిచింగ్స్‌లు రూపొందించిన అజాథయోప్రిన్ ఇంకా అనువైనదని తేలింది. 1954లో బోస్టన్ నగరంలో జోసెఫ్ ముర్రే మూత్రపిండ మార్పిడిలో విజయం సాధించినా, అది ఒకే రూపుగల కవలల మధ్య జరిగినది. 1962లో ఆయనే అజాథయోప్రిన్ సాయంతో, ఏ రక్తసంబంధమూ లేని మృతుని మూత్రపిండాన్ని ఒక రోగికి అమర్చాడు. అది ఏడాదికి పైగా పనిచేసింది. 1967లో డెన్వర్ నగరంలో థామస్ స్టార్జల్ కాలేయం మార్చిన ఏడాదిన్నర పసిపాప ఏడాదికి పైగా జీవించింది. ఆ పాపకు వాడిన మందులలోనూ అజాథయోప్రిన్ ఉంది. 1980లలో సైక్లోస్పోరిన్ వ్యాప్తిలోకి వచ్చేవరకు అవయవమార్పిడికి అజాథయోప్రిన్, స్టెరాయిడ్‌లే ప్రధాన ఆధారాలయ్యాయి.

హెర్పిస్ వైరస్‌ను అణచే ఎసైక్లోవిర్ కూడా ఎలియన్ బృందం కృషి ఫలమే. వ్యాధినిరోధక శక్తి తగ్గిన పిల్లలకు అది కవచం వంటిది. 1988లో ఆమెకు హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఒకనాడు తనను నిరాకరించిన విద్యాలోకం ఆమెకు అనేక గౌరవ డాక్టరేట్లను సమర్పించింది. తన మందులతో బ్రతికినవారి నుండి వచ్చిన ఉత్తరాలను మాత్రం ఆమె బహుమతులకన్న మిన్నగా భావించి దాచుకొన్నది. తాను చదివిన హంటర్ కళాశాలలో రసాయనశాస్త్రం అభ్యసించే యువతుల ఉపకారవేతనాలకు నిధి ఏర్పడేట్లు చేసింది. 1999 ఫిబ్రవరి 21న ఆమె పరమపదించింది.

ఆమె ప్రారంభించిన పని నేటికీ పూర్తికాలేదు. పసివారి దేహం పెద్దల దేహానికి చిన్న నకలు కాదు. వారికి మందు మోతాదు వేరు, ఎదుగుదల వేరు. వారికోసం ప్రత్యేక పరిశోధన అవసరం. అవయవం మార్చిన బిడ్డ ఏళ్ల తరబడి మందులు మింగవలసిందే. కొనలేక మానివేస్తే, దాత చేసిన త్యాగం వ్యర్థమై ఆ అవయవం పాడవుతుంది. కనుక మందును కనుగొనడం ఎంత ముఖ్యమో, అది పేదవాని బిడ్డకు అందడమూ అంతే ముఖ్యం. ఆడపిల్ల అన్న కారణంగా ఎలియన్ శాశ్వతంగా ఆగిపోయి ఉంటే, ఆ నష్టం ఆమె ఒక్కతెకే పరిమితమయ్యేది కాదు. ఆమె మందు కోసం ఎదురుచూసిన బిడ్డలందరిదీ అయ్యేది. అవకాశంలో సమానత్వం, చికిత్సలో సమానత్వం ఒకే ధర్మానికి రెండు ముఖాలని ఆమె జీవితం మనకు తెలుపుతున్నది.