జెస్సీ ఓవెన్స్: హాస్టల్లో చోటు దొరకని విద్యార్థి

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచి, ఆర్యజాతి గొప్పలు చెప్పుకునే హిట్లర్ గడ్డ మీదే జయకేతనం ఎగరేసిన నల్లజాతి వీరుడు జెస్సీ ఓవెన్స్. ఈ సంగతి అందరికీ తెలిసిందే. కాని అప్పటికి అతనూ మనలాంటి కాలేజీ కుర్రాడేనన్నది చాలామందికి తట్టదు.

1913 సెప్టెంబరు 12న అలబామా రాష్ట్రంలో ఓ పేద పాలికాపు ఇంట పుట్టాడు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. తాత బానిస. తొమ్మిదో ఏట కుటుంబం క్లీవ్‌లాండ్ నగరానికి వలసపోయింది. ఇంట్లో పిలిచే పేరు జె.సి. కొత్త బళ్ళో టీచరమ్మ చెవికి అది జెస్సీ అని వినబడింది, అదే ఖాయమైంది! సాయంత్రాలు కూలిపనికి పోవాలి గనుక, కోచ్ చార్లెస్ రైలీ అతని ఒక్కడి కోసం పొద్దున్నే, బడి మొదలవక ముందే, తర్ఫీదు ఇచ్చేవాడు. అలాంటి గురువు దొరకడం అదృష్టమే మరి.

1933లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. స్కాలర్‌షిప్ లేదు. క్యాంపస్ హాస్టల్లో నల్లవాళ్ళకి చోటు లేదు. ఊళ్ళో గది తీసుకుని, లిఫ్టు ఆపరేటరుగా పనిచేస్తూ చదువుకున్నాడు. పోటీలకు వెళ్ళినప్పుడు తెల్ల సహచరులు తినే హోటళ్ళలో కూడా అతనికి ప్రవేశం ఉండేది కాదు. ఆ కుర్రాడే 1935 మే 25న ఆన్ ఆర్బర్‌లో, నడుం నొప్పితో వంగలేని స్థితిలో బరిలోకి దిగి, 45 నిమిషాల్లో మూడు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టి, నాలుగోదాన్ని సమం చేశాడు. అందులో 8.13 మీటర్ల లాంగ్‌జంప్ రికార్డు 25 ఏళ్ళు చెక్కుచెదరలేదు. నా దృష్టిలో బెర్లిన్ కన్నా ఇదే పెద్ద ఘనకార్యం.

బెర్లిన్‌లో 100 మీటర్లు 10.3 సెకన్లలో, 200 మీటర్లు 20.7 సెకన్లలో గెలిచాడు. లాంగ్‌జంప్, రిలే సరేసరి. రిలేలో మాత్రం ఓ మచ్చ ఉంది: ఇద్దరు యూదు కుర్రాళ్ళు స్టోలర్, గ్లిక్‌మన్‌లను చివరి నిమిషంలో తప్పించి ఓవెన్స్‌నీ, మెట్‌కాఫ్‌నీ దింపారు. హిట్లర్ చేయి కలపలేదని కథలుకథలుగా చెప్పుకుంటారు గాని, సొంత ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ కనీసం అభినందన కూడా పంపలేదు. న్యూయార్క్‌లో తన సన్మానానికే సరుకుల లిఫ్టులో పైకెక్కాల్సి వచ్చింది పాపం.

యూరప్‌లో ఇంకా పరుగులు తీయమంటే కాదన్నందుకు అమెచ్యూర్ సంఘం వేటు వేసింది. 23 ఏళ్ళకే అసలు పోటీలు ముగిశాయి. పొట్టకూటికి గుర్రాలతో పందెం పరుగెత్తాడు. డిగ్రీ పూర్తికాలేదు.

1972లో అదే యూనివర్సిటీ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1976లో ప్రెసిడెంటు ఫోర్డ్ దేశపు అత్యున్నత పౌర పతకం తొడిగాడు. 1980 మార్చి 31న ఊపిరితిత్తుల కేన్సర్‌తో కన్నుమూశాడు. 2001లో యూనివర్సిటీ తన కొత్త పరుగుల మైదానానికి అతని పేరు పెట్టింది.