లోయలోకి దొర్లిన గోళీ

అమ్మమ్మకి రొమ్ములో గడ్డ తీసేసిన మూడేళ్ళకి అదే జబ్బు ఊపిరితిత్తిలో కనపడింది. కోసి తీసేశారు కదా, మళ్ళీ అంత దూరం ఎలా వెళ్ళిందని నన్నడిగింది. కంప్యూటర్ చదివేవాడికి అన్నీ తెలుస్తాయని ఆవిడ నమ్మకం. నాకేమీ తెలీదు. వెతుకుతుంటే కాన్రాడ్ వాడింగ్‌టన్ దొరికాడు.

ఆయన 1905లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి దక్షిణ భారతంలో తేయాకు తోటలు చూసేవాడు కాబట్టి పసితనం ఇక్కడే గడిచింది. తర్వాత ఇంగ్లండులో బంధువుల దగ్గర పెరిగాడు. కేంబ్రిడ్జిలో భూగర్భశాస్త్రం చదివి, శిలాజాల పరిశోధన మధ్యలో వదిలేసి, కోడి పిండాల వైపు మళ్ళాడు. మనలో బ్రాంచి మారినవాళ్ళకి ధైర్యం ఇచ్చే సంగతి! పిండంలో కణాలను క్రమంలో పెట్టే ప్రభావం నుంచి తప్పించుకోవడమే క్యాన్సర్ కావచ్చని 1935లోనే రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల వేటకి లెక్కలు కట్టాడు. మన సిలబస్‌లోని ఆపరేషన్స్ రీసెర్చ్ అలాంటి పనుల్లోనే పెరిగింది. 1947లో ఎడిన్‌బరోలో ప్రొఫెసర్ అయ్యాడు.

1957లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. కొండ మీద గోళీ, కింద చీలిపోయే లోయలు. గోళీ అంటే కణం. ఏ లోయలోకి దొర్లితే ఆ కణమవుతుంది: చర్మం, నరం, కండరం. లోయల మధ్య గట్లుంటాయి కాబట్టి అటూ ఇటూ దూకదు. గ్రేడియంట్ డిసెంట్ చదివినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఆయన 1975లో చనిపోయాడు. బొమ్మ మాత్రం క్యాన్సర్ పరిశోధనలో ఇంకా బతికే ఉంది. క్యాన్సర్‌లో ఆ గట్లు కుంగిపోతాయి. పక్కవాటిని పట్టుకుని ఉండాల్సిన కణం పట్టు వదిలి, కదిలే కణంగా మారి, రక్తంలో పడి వెళ్ళి, కొత్త చోట మళ్ళీ పాత రూపానికి వస్తుంది. పిండంలో కణాలు చేసే పనే ఇది, వేళ కాని వేళ మళ్ళీ మొదలవుతుంది. మందు తగిలితే వేషం మార్చి తప్పించుకునే కణాలూ ఉన్నాయి.

పాత క్యాలెండర్ వెనక ఈ బొమ్మ గీసి అమ్మమ్మకి చూపించాను. గట్టు మళ్ళీ కట్టలేరా అనడిగింది. ఒక రకం రక్త క్యాన్సర్‌లో, విటమిన్ ఎ జాతి మందుతో దారి తప్పిన కణాల్ని ముందుకు నెట్టి, ఎదిగేలా చేస్తున్నారని చెప్పాను. నీ జబ్బుకి అలాంటిది ఇంకా లేదని కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ కాగితం మడిచి తన మందుల డబ్బాలో పెట్టుకుంది.