చార్లెస్ హ్యూస్టన్: ఫలం చూడని గురువు

ప్రభుత్వ బడుల్లో నల్లజాతి పిల్లలను వేరుగా కూర్చోబెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1954 మే 17న తీర్పు చెప్పింది. ఆ కేసు గెలిచిన థర్‌గుడ్ మార్షల్ పేరు మనలో కొందరు వినే ఉంటారు. ఆయనను తీర్చిదిద్దిన గురువు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్‌ను ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

హ్యూస్టన్ 1895లో వాషింగ్టన్‌లో పుట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యాధికారిగా ఉండి కూడా సొంత దేశపు తెల్ల సైనికుల చేతిలో అవమానాలు పడ్డారు. ప్రాణాలతో తిరిగి వెళ్తే న్యాయశాస్త్రం చదివి, ఎదురు చెప్పలేనివారి పక్షాన నిలవాలని అప్పుడే తీర్మానించుకున్నారు. హార్వర్డ్‌లో చదివి, 1924లో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యారు.

1929లో ఆ లా స్కూల్ నిర్వహణ వైస్ డీన్‌గా ఆయన చేతికి వచ్చింది. అప్పటికది పగలు పనిచేసుకునేవారి కోసం సాయంత్రం నడిచే కళాశాల. దాన్ని ఆయన పూర్తికాలపు పగటి కళాశాలగా మార్చారు. పేద విద్యార్థులకు అది భారమేనని విమర్శలు వచ్చాయి. ఆ బాధ నిజమైనదే. అయినా అరకొర చదువుతో కోర్టుకు వెళ్లిన నల్లజాతి లాయరు తన ప్రజలకు న్యాయం తేలేడని ఆయన నమ్మారు. 1931లో అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు దక్కింది. ఆయన కాఠిన్యానికి తట్టుకుని 1933లో పట్టా అందుకున్నవారిలో మార్షల్ ఒకరు.

1935లో హ్యూస్టన్ ఎన్‌ఏఏసీపీ న్యాయపోరాటాలకు సారథి అయ్యారు. వేరుగా ఉంచినా సమానంగా చూస్తే చాలన్న 1896 నాటి తీర్పును ఒక్కసారిగా ఢీకొనలేదు. ఆ సమానత్వం ఎక్కడుందో చూపించమని రాష్ట్రాలను నిలదీశారు. దక్షిణ కరోలినాలో తిరిగి, శిథిలమైన బడులను సినిమా కెమెరాతో చిత్రీకరించారు. శిష్యుడితో కలిసి మేరీలాండ్ లా స్కూల్ తలుపులు తెరిపించారు. 1938లో మిస్సోరీ కేసు సుప్రీంకోర్టులో గెలిచారు.

1950 ఏప్రిల్ 22న, 54 ఏళ్లకే, గుండెజబ్బుతో కన్నుమూశారు. అసలు తీర్పు ఇంకా నాలుగేళ్ల దూరంలో ఉంది.

తీర్పు రోజున పేరు మార్షల్‌కు వచ్చింది. అయితే ఆ తీర్పుకు దారి వేసింది తరగతి గదిలో దిద్దిన పాఠాలు, చిన్న కోర్టుల్లో ఓపికగా నడిపిన కేసులు. మన సంఘాల్లోనూ పేద పిల్లలకు చదువు చెబుతూ, పేరు కోరకుండా శ్రమపడే గురువులున్నారు. వారి కష్టానికి ఫలం రేపటి తరంలో కనబడవచ్చు. వారికి అండగా నిలవడానికి మాత్రం రేపటిదాకా ఆగనక్కరలేదు.