లెక్కను పది చేతులకు పంచిన ప్రొఫెసర్

మా గోదావరిఖనిలో బాయి పని ఒక్కడి వల్ల అయ్యేది కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మూడు షిఫ్టులు, ఒకేసారి చాలా చోట్ల తవ్వకం. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ప్యారలల్ ప్యాకేజీ చేసేదీ ఇంచుమించు ఇదే. ఒక లెక్కను ముక్కలు చేసి ప్రాసెసర్ కోర్లకు పంచుతుంది. దీని గురించి చదువుతుంటే నాకు గుర్తొచ్చే మనిషి మాత్రం కంప్యూటర్లు రాకముందు వాడు: ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ చదివి, ఇంటికొచ్చే ఓడలో బయోమెట్రికా జర్నల్ సంపుటాలు చదువుతూ స్టాటిస్టిక్స్‌కు పడిపోయారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు. మెషీన్ లెర్నింగ్‌లో మనకు ఎదురయ్యే మహలనోబిస్ డిస్టెన్స్ 1936 నాటిది.

నాకు ఎక్కువ నచ్చింది బెంగాల్ జనపనార సర్వే. ప్రతి పొలం తిరిగి లెక్కపెట్టడం కుదరదు. పంట మార్కెట్‌కు వెళ్లిపోయాక లెక్క తేలితే ఎవరికీ పనికిరాదు. అందుకే ఆయన శాంపిల్‌ను ముక్కలు చేశారు. అయితే ఈ జిల్లా నీకు, ఆ జిల్లా నాకు అని కాదు. ఒకే ప్రాంతంలో రెండు మూడు శాంపిళ్లు విడివిడిగా తీసి, వేర్వేరు బృందాలకు ఇచ్చారు. జవాబులు దగ్గరగా వస్తే నమ్మొచ్చు. దూరంగా వస్తే ఎక్కడో తేడా జరిగిందని తెలిసిపోతుంది.

1943 కరువు తర్వాత ఆయన సంస్థ బెంగాల్ ఊళ్లు తిరిగింది. ఎవరు పొలం అమ్ముకున్నారు, ఎవరి బతుకుతెరువు పోయింది అని లెక్క తీసింది. ఇక్కడ అంకె తప్పితే, సాయం అందాల్సిన ఇల్లే లెక్కలోంచి జారిపోతుంది.

ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో అక్కడికే చేరారు. అప్పుడు కంప్యూటర్లు అంటే లెక్కలు చేసే మనుషులే! 1956లో ఇంగ్లాండ్ నుంచి హెచ్‌ఈసీ-2ఎం వచ్చింది, దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్.

ప్యారలల్ సిమ్యులేషన్‌లో ఎనిమిది కోర్లకూ ఒకే ర్యాండమ్ నంబర్లు వెళ్తే, ఒకే పని ఎనిమిదిసార్లు చేసినట్టే. అందుకే ఆర్‌లో లెక్యూయర్ జనరేటర్‌తో ఒక్కో కోర్‌కు వేరే స్ట్రీమ్ ఇస్తారు. ఆయన బృందాలను విడిగా ఉంచింది కూడా ఇందుకే కదా అనిపిస్తుంది నాకు.

1950లో ఆయన మొదలుపెట్టించిన నేషనల్ శాంపిల్ సర్వే ఇంకా నడుస్తోంది. ఆయన 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు పోయారు.